పీలింగ్ హాలు వెనక తలుపు

రొయ్యల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా నాన్న పొలం నుంచి అప్పుడే వచ్చి, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"అంటే గేటు కాడ కాపలావేటే?" అన్నారు.

"కాదు నాన్నా. పనిలో ఎవరికీ దెబ్బలు తగలకుండా చూడాలి."

"తగిల్తే?"

"ఎందుకు తగిలిందో కనుక్కోవాలి."

"కనుక్కుంటే ఏటవుతాది?"

"మళ్ళీ తగలదు" అన్నాను. డిప్లొమా పుస్తకాల్లో అలాగే రాసి ఉంది. శ్రీకాకుళంలో కెమిస్ట్రీ డిగ్రీ అయ్యాక పారిశ్రామిక భద్రతలో ఆ డిప్లొమా చేశాను. నరసన్నపేట పక్కన మా ఊళ్ళో ఆ చదువు ఒకటుందని అంతకు ముందు ఎవరూ వినలేదు. నాన్న "మంచిదే" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఫ్యాక్టరీ నౌపడ అవతల, ఉప్పుమడులు దాటాక వస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సు హైవే మీద మమ్మల్ని ఎక్కించుకుని వెళ్ళేది. చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన రొయ్యల్ని పీలింగ్ హాల్లో ఆడవాళ్ళు వలిచి, కడిగి, సైజుల వారీగా వేరు చేస్తారు. అక్కణ్ణించి ఫ్రీజర్లకు, తర్వాత కంటైనర్లకు, ఓడలకు. హాలు ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఆ చలి పుట్టేది పక్కనున్న మెషీన్ రూములో. అక్కడి కంప్రెసర్లలో, గొట్టాల్లో తిరిగేది అమ్మోనియా. పీల్చినవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ కాలిపోయే వాయువు అది. దానికీ ఆడవాళ్ళకీ మధ్య ఒక ఇటుక గోడ ఉండేది. గొట్టాలు ఆ గోడలోంచి ఇవతలికి వచ్చే చోట చుట్టూ సందులుండేవి.

చేరిన కొత్తలో నేను బల్ల బల్లకీ వెళ్ళి చెప్పాను. కాలు జారినా, షాకు కొట్టినా, దెబ్బ తగలబోయి తప్పినా సరే నాతో చెప్పండి, ఎవరినీ ఏమీ అనరు అని. అందరూ తలలూపారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడం అంటే ఒకరి మీద చెప్పడమే అని వాళ్ళ లెక్క. ఒకామెకు చేతులు కడిగే చోట కరెంటు షాకు కొట్టి మోచేతి దాకా లాగేసిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె సిగ్గుపడుతూ, "కరెంటోడు నాకు మరిది వరసవుతాడు మేడం. ఆడి మీద నానేటి సెప్పగల్ను?" అంది.

మొదటిసారి తనంత తానుగా నా దగ్గరికి వచ్చినామె హాలు చివరి బల్ల దగ్గర పనిచేసేది. యాభై దాటిన మనిషి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు వాళ్ళది. భర్త వలలు బాగుచేసేవాడు. ఊళ్ళో బాప్టిస్టు గుడిలో ఆదివారం పాటలు ఎత్తుకునేది ఆమేనని తోటివాళ్ళు చెప్పేవారు. ఫ్యాక్టరీలోనూ చేతులు ఆడుతున్నంతసేపూ గొంతు ఆడుతుండేది. అంత రొదలోనూ హాలు ఈ చివరికి వినిపించేది. అందరూ ఆమెను పిన్నీ అనేవారు, నేనూ అలాగే పిలిచాను.

భోజనాల వేళ వచ్చి నిలబడి, "ఏటైనా ఉంటే సెప్పమన్నారు కదా. ఆ ఎనక తలుపుకి గొలుసెందుకు మేడం?" అంది.

హాలుకు వెనక పక్క అత్యవసరంగా బయటపడటానికి ఒక తలుపు ఉంది. నేను రాకముందు ఎప్పుడో ఎవరో ఆ దారిన రొయ్యలు బయటికి దాటించారని దానికి గొలుసు చుట్టేశారు.

"రొయ్యలు పోతున్నాయని వేశారట పిన్నీ."

"ఎవులో ఒకర్తి తీసింది. దానికి మేమందరం దొంగలమేటి? రోజూ దాని పక్కనే నిలబడి వలుస్తన్నాను. గొలుసు సూసినప్పుడల్లా నాకేదో అయిపోతాది."

నేను ఆ తలుపు గురించి ఆలోచిస్తున్నది వేరేలా. నిప్పంటుకుంటే, గ్యాసు వస్తే ఆ చివరనున్నవాళ్ళు ఎటు పోతారని. ఆమె మాట్లాడింది తనకు జరుగుతున్న అవమానం గురించి. ఏదైతేనేం, తీయించాల్సింది ఒకే గొలుసు కదా అనుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

ఆయనది గోదావరి వైపు. చెడ్డవాడు కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు, ఎప్పుడూ ఏదో ఒక కంటైనరు ఆలస్యమవుతూ ఉండేది. నేను చెప్పిందంతా విని, "మీరన్నది కరెక్టేనండీ మేడం. ఇవాళే తీయించేస్తాను" అన్నాడు. అన్నట్టే సాయంత్రానికి గొలుసు తీశారు. మర్నాడు ఆ తలుపుకు బయటి నుంచి తాళం పడింది. తాళంచెవి సెక్యూరిటీ గార్డు దగ్గర.

మళ్ళీ వెళ్ళాను. తాళం కూడా పనికిరాదని, లోపలి నుంచి చేత్తో నెడితే తెరుచుకునేలా ఉండాలని చట్టం తీసి చూపించాను.

"అలాంటి తలుపే ఆర్డరు పెడుతున్నానండీ. కడ్డీ నొక్కితే తెరుచుకుంటుంది, తెరిస్తే అలారం మోగుతుంది. అది వచ్చేదాకా ఇలా ఉండనివ్వండి. ఆడిట్‌లో సరుకు తక్కువ వస్తే నా ఉద్యోగం పోతుంది."

నెల నెలా గుర్తు చేశాను. నెల నెలా వస్తోందనే చెప్పాడు. ఒకరోజు నేను హాల్లోకి వెళ్తే పిన్ని నవ్వుతూ, "మీ పుణ్యమా అని గొలుసు తీసీసినారు. తాళం ఏసీసినారు. గొలుసైతే కనబడీది, ఇది బయటుంది, కనబడదు. అంతే తేడా" అంది. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు.

మెషీన్ రూములో ఇద్దరు ఆపరేటర్లు మార్చి మార్చి పనిచేసేవారు. చిన్నవాడిది సాలూరు పక్క పల్లె. ముప్పై ఏళ్ళుంటాయేమో. అతని తండ్రి లారీ డ్రైవరు, ఘాటీలో ప్రమాదమై పోయాడు. "మా యింట్లో మగోళ్ళందరూ లారీలెక్కినోళ్ళే మేడం. మా నాన్న పోనాక మా అమ్మ ఒట్టేయించుకుంది, రోడ్డు మీదికి ఎల్లనని. అందుకే ఐటీఐ సదివి ఈ గదిలో కూకున్నాను" అని ఒకసారి నాతో చెప్పాడు. అతను పనిలో ఉన్నంతసేపూ ఆ గది నేల తుడిచినట్టు ఉండేది.

ఆ రోజు వాన. తుఫాను ఎక్కడో ఒడిశా వైపు తీరం దాటుతోందని, మాకు వాన, ఈదురుగాలి. ఫ్రీజర్లు సరిగా చల్లబడటం లేదని పొద్దుట నుంచి గొడవగా ఉంది. కంప్రెసర్ల నూనె కొంత గ్యాసుతో పాటు గొట్టాల్లోకి పోయి అడుగున పేరుకుంటుంది. దాన్ని అప్పుడప్పుడు కింది వాల్వు తిప్పి బయటికి తీసేయాలి. నూనె అయిపోగానే దాని వెనక అమ్మోనియా వస్తుంది కాబట్టి ఆ క్షణంలోనే వాల్వు మూసేయాలి. ఇద్దరు చేయవలసిన పని. పెద్ద ఆపరేటరు చెల్లెలి పెళ్ళికి సెలవులో ఉన్నాడు. ఆ పని ఇవాళే అయిపోవాలని మేనేజరు చెప్పాడు. చిన్నవాడు ఒక్కడే చేశాడు.

నేను ఐసు గది దగ్గర ఉన్నాను. ఏ శబ్దమూ వినలేదు. ముందు దగ్గులు వినిపించాయి. ఒకరిద్దరివి కావు. తర్వాత కళ్ళలో కారం కొట్టినట్టయింది. హాలు ముందు తలుపులోంచి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ వస్తున్నారు. వాళ్ళ వెనక గోడ సందుల్లోంచి తెల్లటి పొగ నేల మీదుగా పాకుతోంది. మొహాలకు కట్టుకున్న గుడ్డలు తడుపుకుని ముక్కులకు పెట్టుకోమని, గాలికి ఎదురుగా పరిగెత్తమని అరిచాను. వచ్చేవాళ్ళ మొహాలు చూస్తూ ఉంటే నాకు అర్థమైంది, వీళ్ళంతా ముందు బల్లలవాళ్ళు. వెనక బల్లలవాళ్ళు లేరు.

వాళ్ళు వెనక తలుపు వైపు పరిగెత్తి ఉంటారు. ఎవరైనా దగ్గరున్న తలుపు వైపే పోతారు.

బిల్డింగు చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తాను. బురద. లోపలి నుంచి తలుపు బాదుతున్నారు. రేకు తలుపు అదురుతోంది. తాళం పట్టుకుని లాగాను, రాయి తీసుకుని కొట్టాను. గార్డు కోసం అరిచాను. అతను గేటు దగ్గర లారీ కాటా వేయిస్తున్నాడు. నా గొంతు వానలో అతనికి చేరేసరికి, అతను గుత్తి తీసుకుని వచ్చేసరికి, ఆ గుత్తిలో చెవి వెతికేసరికి లోపలి చప్పుడు ఆగిపోయింది. తలుపు తెరిస్తే ఎవరూ లేరు. పొగ మాత్రం మా మీదికి వచ్చింది.

వాళ్ళు వెనక్కి తిరిగి, హాలంతా దాటుకుంటూ, పొగలోంచే ముందు తలుపుకు వెళ్ళారు. వెనక తలుపుకు అందరికన్నా దగ్గరగా ఉన్నది పిన్ని. అందరికన్నా ముందు దాన్ని అందుకుంది. అందుకే తిరిగి వెళ్ళేటప్పుడు అందరికన్నా వెనకబడిపోయింది. ఐసు లోడింగువాళ్ళు తడి గోనెలు కప్పుకుని లోపలికి వెళ్ళి ఆమెను మోసుకొచ్చారు. కళ్ళు తెరవలేకపోతోంది. గొంతులోంచి వస్తున్న శబ్దం మనిషిది లాగా లేదు.

చిన్న ఆపరేటరు మెషీన్ రూములోంచి బయటికి రాలేదు. అగ్నిమాపకవాళ్ళు వచ్చి తెచ్చారు. అతని రెండు చేతులూ ఆ వాల్వు చక్రం మీదే ఉన్నాయని తెచ్చినతను చెప్పాడు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. కొన్ని రోజులు బతికాడు. నేను వెళ్ళినప్పుడు మాట్లాడే స్థితిలో లేడు. బయట బెంచీ మీద అతని తల్లి, భార్య కూర్చున్నారు. తల్లి నన్ను చూసి, "రోడ్డు మీదికి ఎల్లనివ్వనేదు కదమ్మా" అంది. అదే మాట కాసేపటికి మళ్ళీ అంది. నేను ఎవరో కూడా ఆమెకు తెలియదు.

తర్వాత నా పని మొదలైంది. ఎందుకు జరిగిందో కనుక్కోవడం.

సెలవు నుంచి వచ్చిన పెద్ద ఆపరేటరును మెషీన్ రూముకు తీసుకెళ్ళాను. పెళ్ళిలో పెట్టుకున్న పసుపు ఇంకా గోళ్ళలో ఉంది. వాల్వు ముందు నిలబడి చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఇది గట్టిపడిపోనాది మేడం, ఏడాది నుంచి. ఇద్దరం ఉంటే ఒకడు పట్టుకునీవోడు, ఒకడు తిప్పీవోడు. ఆడొక్కడూ ఎలగ తిప్పుతాడు?"

"ఎవరికైనా చెప్పారా?"

"సెప్పినాం. కొత్తది తెప్పిస్తామన్నారు."

చెయ్యి వదిలేస్తే స్ప్రింగుతో తనంతట తానే మూసుకుపోయే వాల్వులు ఉంటాయి. ఆ చోట ఉండవలసింది అలాంటిదే. గ్యాసు ముసుగు ఎక్కడుంటుందని అడిగాను. పోతుందేమోనని మేనేజరు గది బీరువాలో పెట్టించారని చెప్పాడు. వెళ్ళి చూస్తే అక్కడే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు రిపోర్టు రాయడానికి. మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి, తను రాసింది లాప్‌టాప్‌లో చదివి వినిపించాడు. మూల కారణం, ఆపరేటరు సకాలంలో వాల్వు మూయలేకపోవడం, ముసుగు ధరించకపోవడం.

"ముసుగు బీరువాలో ఉందండీ. తాళం వేసి" అన్నాను.

"అది కూడా రాద్దాం మేడం. సహాయక కారణాల్లో."

"వాల్వు పాడై ఏడాదయింది. ఇద్దరి పని ఒక్కడితో చేయించారు. వెనక తలుపు తాళం ఉంది. ఇవి ముందు రావాలి."

ఆయన లాప్‌టాప్ మూసి, నెమ్మదిగా అన్నాడు. "చూడండి, కంపెనీ వాళ్ళ కుటుంబానికి అన్నీ చేస్తుంది. ఏదీ తగ్గించదు. ఒక్క లైను గురించి మీరెందుకింత పట్టుబడుతున్నారు? పోయినవాడికి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?"

మేనేజరు పక్కనే ఉన్నాడు. బల్ల మీద చూపు పెట్టి కూర్చున్నాడు. నేను వేరేగా నా రిపోర్టు నేను రాసుకుని, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఆయన చేతికే ఇచ్చాను.

ఇన్‌స్పెక్టరు క్యాంటీనులో కూర్చుని ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచాడు. వాళ్ళను పనిలోకి తెచ్చే మేస్త్రి గుమ్మం పక్కనే నిలబడ్డాడు. ముందు రోజే అతను ఊరూరా తిరిగి, వెనక తలుపు తీసే ఉందని చెప్పమన్నాడట. అబద్ధం చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు, నిజం చెప్పడానికీ ధైర్యం చాల్లేదు. వచ్చినామె వచ్చినట్టు, "గాభరాలో నానేటీ సూడనేదు బాబూ" అని వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు కలం పక్కన పెట్టేశాడు.

పిన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మధ్యాహ్నం ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు భర్త. రమ్మని నేను అడగలేదు. ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చాడని చెబితే తనే బయల్దేరింది. క్యాంటీనుకు నాలుగు మెట్లుంటే రెండు చోట్ల ఆగింది. కూర్చున్నాక కూడా మాట రావడానికి టైము పట్టింది.

"తలుపు తాళం ఏసుంది బాబూ. ముందు అందుకున్నది నానే. ఈ సేతుల్తోనే బాదినాను."

మేస్త్రి కలగజేసుకున్నాడు. "ఏటప్పా, ఆ పొగలో, ఆ గాభరాలో నీకేటి తెలిసింది?"

"గాభరా పడ్డాను. పడనేదని అన్నానేటి? తలుపు రాకపోతే తెలవదేటి?" అని దగ్గు వచ్చి ఆగిపోయింది. దగ్గు తగ్గాక మేస్త్రి వైపు చూడకుండా, ఇన్‌స్పెక్టరుతో, "ఆ తలుపు సంగతి ఈ మేడంకి నాను ముందే సెప్పినాను. ఆవిడ పైన సెప్పింది. అందరికీ తెలుసు" అంది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

మరమ్మతులన్నీ అయ్యేదాకా ఫ్యాక్టరీ మూసేయమని ఆర్డరు వచ్చింది. నేను అనుకున్నది అదే, అడిగినది అదే. కానీ ఆ మూత ఎవరి మీద పడుతుందో నేను ముందుగా ఊహించలేకపోయాను. పీలింగ్ హాలు ఆడవాళ్ళకు పని లేదు. వరి నాట్లు అయిపోయాయి, కోతలకు ఇంకా టైముంది. కొందరు జీడిపిక్కల పనికి పలాస వైపు పోయారు. పోలేనివాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉన్నారు. పిన్నిని చూడటానికి వెళ్తే గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ అరుగు మీద చోటు దొరికేది కాదు.

"ఎవులూ రారు పాపా" అంది. ఆ విచారణ తర్వాత నన్ను మేడం అనడం మానేసింది. "నిన్న కుళాయి కాడ మొకం మీదే అనీసింది మా ఎదురింటామె. నీ దగ్గు నీది, మా కడుపులేటి సేసినాయి అని. అదీ నాతోపాటే ఆ తలుపు బాదింది."

"మీరు చెప్పింది నిజమే కదా పిన్నీ."

"నిజమే. దానికీ తెలుసు." కాసేపు ఊపిరి తీసుకుని, "దాని మీద నాకు కోపం నేదు. నాను దాని సోట ఉంటే నానూ అందునేమో" అంది.

ఊపిరితిత్తులు కాలిన మేర మళ్ళీ మామూలు కావని డాక్టరు చెప్పాడు. గుడికి వెళ్తోందట, వెనక వరసలో కూర్చుంటుందట. పాట మొదలైనప్పుడు అందరూ లేచి నిలబడితే తనూ లేచి, పెదవులు మాత్రం కదుపుతుందని ఆమె భర్త చెప్పాడు. ఆమె ఎదుట కాదు, నన్ను బస్సు దగ్గర దిగబెట్టేటప్పుడు.

చివరికి ఇన్‌స్పెక్టరు రిపోర్టు వచ్చింది. తాళం, పాత వాల్వు, బీరువాలోని ముసుగు, ఒక్కడితో పని, అన్నీ ఉన్నాయి. కంపెనీ మీద కేసు పెట్టారు. కానీ కారణాల్లో మొదటి లైను మాత్రం హెడ్డాఫీసు ఆయన రాసిందే. ఆపరేటరు వాల్వు మూయడంలో విఫలమయ్యాడని. దాని కాపీ తీసుకుని సాలూరు వెళ్ళాను. నన్ను ఎవరూ పంపలేదు. ఆ తప్పు అతనిది కాదని ఆ ఇంట్లో ఎవరైనా చెప్పాలి అనిపించింది.

బస్టాండు నుంచి ఆటోలో లారీ షెడ్లన్నీ దాటి వెళ్ళాక ఆ పల్లె. అతని భార్య ఇంటరు దాకా చదివింది. చిన్న పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాగితాలు తీసుకుని తనే చదివింది. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"అయితే ఆయన తప్పు కూడా ఉన్నాదా?"

"లేదమ్మా. ఆ వాల్వు ఒక్క మనిషి మూయగలిగేది కాదు. ఆయన చివరిదాకా దాన్ని వదల్లేదు. ఇదిగో, కింద అంతా ఉంది చూడు."

"సూసినాను. అన్నీ రాసున్నాయి. మరి ముందు ఆయన్నెందుకు రాసినారు?"

ఆమె తలుపు అవతల మంచం మీద పడుకుని ఉన్న అత్తగారి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మా అత్త సదవనేదు. ఎవులో ఒకరు సదివి సెప్తారు. మొదటి లైనే సెప్తారు."

తిరుగు బస్సులో బొబ్బిలి దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆ లైను తీసేయమని, కనీసం కిందికి మార్చమని ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు రాశాను. ఒకసారి స్వయంగా వెళ్ళాను. రిపోర్టు ఒకసారి పంపేశాక మార్చడం కుదరదన్నారు. నిజానికి ఇన్‌స్పెక్టరు నాతో మంచిగానే మాట్లాడాడు, టీ ఇప్పించాడు.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. నెడితే తెరుచుకునే తలుపులు వచ్చాయి, స్ప్రింగు వాల్వు వచ్చింది, గోడ సందులు పూడ్చారు. ముసుగులు హాలు గోడకే తగిలించారు. మేనేజరును వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. వెళ్ళే ముందు నా గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "తలుపు ఆర్డరు నిజంగానే పెట్టానండీ" అని వెళ్ళిపోయాడు. పిన్ని తిరిగి రాలేదు. మిగతావాళ్ళు చాలామంది వచ్చారు. కానీ నాతో చెప్పడం పూర్తిగా ఆగిపోయింది. ప్రమాదానికి ముందు, పిన్నిని చూసి నెలకు ఒకరో ఇద్దరో వచ్చేవారు. ఇప్పుడు నన్ను చూస్తే తలలు వంచుకుని వలవడం మొదలుపెడుతున్నారు. చెబితే మూసేస్తారని వాళ్ళు కళ్ళారా చూశారు. ఒకామె చెయ్యి కట్టుతో కనబడితే ఏమైందని అడిగాను. "ఇంటికాడ" అంది. ఇంటి దగ్గర కాదని ఇద్దరికీ తెలుసు.

ఎండాకాలం మొదట్లో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పడానికి ట్రైనింగు గదిలోకి వెళ్ళాను. మూడో వరసలో ఆ సాలూరు అమ్మాయి, చిన్న ఆపరేటరు భార్య కూర్చుని ఉంది. చనిపోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుందని నాకు తెలుసు. పీలింగ్ హాల్లో ఇస్తుందని తెలియదు. పాపను అత్తగారి దగ్గర వదిలి, ఇక్కడే ఊళ్ళో గది తీసుకుందట. నన్ను చూసి కొంచెం తలూపింది. మేమిద్దరం ఒకరికొకరం తెలుసని పక్కవాళ్ళకు తెలియకూడదన్నట్టు ఊపింది.

నేను రోజూ చెప్పే మాటలే చెప్పాలి. అమ్మోనియా అంటే ఏమిటి, వాసన ఎలా ఉంటుంది, వస్తే ఏం చేయాలి. ఆ రోజు ఒక్కో మాటా నోట్లోంచి లాగినట్టు వచ్చింది. ఆమె అందరిలాగే శ్రద్ధగా వింది. అయ్యాక ఏమైనా అడగాలా అంటే, ఎప్పుడూ ఎవరూ అడగరు, ఆమె చెయ్యి ఎత్తింది.

"వాసనొస్తే ముందు ఎవులికి సెప్పాలి మేడం?"

"నాకు చెప్పాలి."

"మీరు లేనప్పుడు?"

"షిఫ్టు సూపర్‌వైజరుకు."

"ఆయన ఇనకపోతే?"

సూపర్‌వైజరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గదిలో అందరూ నా వైపు చూస్తున్నారు. పుస్తకంలో దీనికి ఏముందో నాకు తెలుసు. పై అధికారికి, ఆ పై అధికారికి అని ఉంటుంది.

"ఇంకెవరికీ చెప్పొద్దు. చేతిలో పని అక్కడే పడేసి, పక్కవాళ్ళని కూడా లాక్కుని బయటికి వెళ్ళిపోండి. తర్వాత ఎవరైనా అడిగితే నేను వెళ్ళమన్నానని చెప్పండి" అన్నాను.

సూపర్‌వైజరు నా వంక ఒకలా చూశాడు. ఆమె సరేనని తలూపింది. బయట బెల్లు మోగితే అందరితో పాటు లేచి, బూట్లు వేసుకుని, జుట్టు టోపీలోకి దోపుకుని వరసలో నిలబడింది. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు నేను సాక్షిగా వెళ్తున్నాను, జడ్జి సెలవులో ఉంటే తిరిగి వస్తున్నాను.